పాతకార్లు – పాఠకుల ప్రశ్నలు: పెట్రోలు ఎక్కడ ఆగింది?

ప్రశ్న: మాది 1977 అంబాసిడర్ మార్క్ 3, ఎస్‌యూ రకం కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం). ఆరేళ్లుగా షెడ్డులోనే ఉంది. సగం ట్యాంకు పాత పెట్రోలు మీదే 5 లీటర్లు కొత్తది పోశాం. బ్యాటరీ కొత్తది. కార్బురేటర్‌లో కాస్త పెట్రోలు పోసి సెల్ఫ్ కొడితే స్టార్టవుతుంది, నాలుగైదు సెకన్లకే ఆగిపోతుంది. మెకానిక్ కార్బురేటర్ కిట్ మార్చాలంటున్నారు. మార్పించమంటారా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఇప్పుడే వద్దు. పైన పోసిన పెట్రోలుతో ఇంజన్ నడిచిందంటే స్పార్క్, టైమింగ్ పనికొచ్చే స్థితిలోనే ఉన్నాయి. పెట్రోలు ఇంజన్‌కు అందడం లేదు, అంతే. అది ఎక్కడ ఆగిందో తేలకుండా కార్బురేటర్ విప్పితే డబ్బు దండగ. ఇకమీదట పైనుంచి పోయడం కూడా మానండి. ఎదురు మంట వచ్చే ప్రమాదం ఉంది.

ముందు డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తున్నా, ఆయిల్ మట్టం పెరిగినా పెట్రోలు పంపులోని డయాఫ్రమ్ (సాగే పొర) చిరిగి పెట్రోలు ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి దిగుతోందని అర్థం. ఆయిల్ మార్చి, పంపు సరిచేసేదాకా సెల్ఫ్ కొట్టవద్దు.

తర్వాత ట్యాంకు. పాత పెట్రోలు మీద కొత్తది పోస్తే పాతది బాగుపడదు, కొత్తది పాడవుతుంది. మొత్తం దించేయండి (గొట్టం పెట్టి నోటితో పీల్చవద్దు). అడుగున వచ్చినది ఒక గాజు సీసాలో పట్టి అరగంట కదపకుండా ఉంచండి. కింద వేరే పొర తేరితే అది నీళ్లు. మన కోస్తా తేమగాలిలో సగం ఖాళీ ట్యాంకు పగలు వేడెక్కి, రాత్రి చల్లబడి, రోజూ తేమను లోపలికి లాక్కుంటుంది. పెట్రోలులో ఇథనాల్ (కలిపి అమ్మే ఆల్కహాల్) ఉంటే అది ఆ నీటిని పట్టుకుని అడుగుకు చేరుతుంది, రేకు అక్కడే తుప్పు పడుతుంది. తీసిన పెట్రోలు వార్నిష్ వాసన వేస్తుంటే పైపుల్లో, జెట్‌లో (కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) జిగురు కట్టిందనే అనుకోండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇది ఆరుబయట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చేయాలి. స్పార్క్ పుట్టించే కాయిల్‌కు కరెంటు వచ్చే వైరు తీసేసి, కార్బురేటర్ దగ్గర పైపు విప్పి సీసాలో పెట్టండి. పంపు పీల్చే వైపు పైపు కూడా విప్పి, ఒక రబ్బరు గొట్టంతో కొత్త పెట్రోలున్న డబ్బాలో ముంచండి. ఒకరు సెల్ఫ్ కొట్టాలి, ఒకరు సీసా చూడాలి. పెట్రోలు చిమ్ముచిమ్ముగా పడితే పంపు మంచిదే, లోపం ట్యాంకు వైపు ఉంది: పైపులో తుప్పు గానీ, ట్యాంకులోని జల్లెడ మూసుకుపోవడం గానీ, రబ్బరు గొట్టం పగిలి గాలి పీల్చడం గానీ. పగిలిన గొట్టం నుంచి పెట్రోలు కారాలని లేదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. చాలామంది తప్పిపోయేది ఇక్కడే.

చుక్క కూడా పడకపోతే పంపు చూడండి. పంపు మూత కింది కార్క్ వాషర్ ఎండిపోయి గాలి పీల్చడం, లోపలి కవాటాలు జిగురుతో అంటుకోవడం, డయాఫ్రమ్ బిరుసెక్కడం ఈ వయసు బండ్లలో మామూలే. చేతి లివర్ ఉన్న పంపైతే దాంతో కొట్టి చూడొచ్చు. లివర్ వదులుగా ఆడుతుంటే కంగారుపడి పంపు కొనకండి. పంపును నడిపే కామ్ (ఇంజన్‌తో తిరిగే ఎత్తుపల్లాల కడ్డీ) ఎత్తు మీద ఆగి ఉండొచ్చు. ఇంజన్‌ను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి మళ్లీ చూడండి.

పెట్రోలు కార్బురేటర్ దాకా వస్తేనే ఇక ఫ్లోట్ గిన్నె (కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె) మూత తీయాలి. తేలే ఫ్లోట్‌తో మూసుకునే, తెరుచుకునే సూది కవాటం జిగురుతో మూసుకుపోయి ఉంటుంది. శుభ్రంగా తుడిచిన మూతను తలకిందులుగా పట్టి సన్నని గొట్టంతో ఊదండి. ఫ్లోట్ బరువుకు గాలి ఆగాలి, మామూలుగా పట్టుకుంటే పోవాలి. కార్బురేటర్ లోపల పైకీ కిందికీ జరిగే పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే టక్కుమని పడాలి. జెట్‌లో తీగ దూర్చవద్దు, కొలత పోతుంది. ఆ పిస్టన్ మీదుండే పైడబ్బా లోపలి గోడలను పెట్రోలుతో తుడిచి పొడిగానే వదిలేయండి. ఎస్ఏఈ 20 ఆయిల్ పిస్టన్ బోలు కడ్డీలోనే పోయాలి, దాని పైఅంచుకు సుమారు 13 మి.మీ. పైదాకా. కిట్ అవసరమో కాదో అప్పుడు తెలుస్తుంది.

ట్యాంకు తుప్పు పట్టి ఉంటే దించి, లీటరు నీటికి 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి నింపి, ఒక రోజు ఉంచండి. తర్వాత వంటసోడా నీళ్లతో, మంచినీళ్లతో కడిగి, ఆరిన వెంటనే కాస్త టూ స్ట్రోక్ ఆయిల్ కలిపిన పెట్రోలు తిప్పండి. ఆలస్యం చేస్తే అదే రోజు మళ్లీ తుప్పు లేస్తుంది. ఎంత ఖాళీ ట్యాంకైనా వెల్డింగ్‌కు మాత్రం ఇవ్వొద్దు. ఆవిరి చాలు పేలడానికి.

ప్రశ్న: ప్రీమియర్ పద్మిని మూడేళ్లు నిలిచి ఉంది. కార్బురేటర్ కడిగించాం. ఐడ్లింగ్ చక్కగా ఉంది. హైవే ఎక్కి 60 దాటితే జర్కులు కొట్టి ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్టవుతుంది.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీరు చెప్పిన ఆ పది నిమిషాలే ఆచూకీ. ఆగిన క్షణంలోనే పెట్రోలు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, వెంటనే స్టార్టయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. శబ్దం లేకపోతే పంపుకు ముందు పెట్టిన పారదర్శక ఫిల్టర్ చూడండి. అది ఖాళీగా ఉంటే ట్యాంకు తుప్పు జల్లెడను కప్పేస్తోంది. ఇంజన్ ఆగగానే లాగే బలం పోయి, తుప్పు కింద పడి, దారి తెరుచుకుంటుంది. ఫిల్టర్ నిండుగా ఉండి పంపు బాగా వేడెక్కి ఉంటే దాని మీద తడిగుడ్డ వేయండి. దాంతో కోలుకుంటే పైపులో పెట్రోలు ఆవిరవుతోంది. పైపును సైలెన్సర్ వేడికి దూరంగా జరిపించండి. వీటితోపాటు స్పార్క్ కూడా చూడటం మరవొద్దు. వేడెక్కి చచ్చే కాయిల్ కూడా సరిగ్గా ఇలాగే చల్లబడ్డాక పనిచేస్తుంది.

రబ్బరు గొట్టాలన్నీ మార్చండి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20లోని 20 శాతం ఇథనాల్‌కు పాత రబ్బరు తట్టుకోదు. గొట్టం మీద ఎస్ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉండాలి. కొత్త ఫిల్టర్‌ను 100 కిలోమీటర్లకు ఒకసారి విప్పి చూడండి.

ప్రశ్న: వానాకాలం మూడు నెలలు కారు తీయం. ట్యాంకు నింపి ఉంచాలా, ఖాళీ చేయాలా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీ దగ్గర వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలకైతే మెడదాకా కాకుండా కాస్త వెలితి ఉంచి నింపండి, తేమకు చోటుండదు. అంతకు మించి నిలిపేటట్టయితే దించేసి, కార్బురేటర్‌లో మిగిలినది ఇంజన్ తనంతట ఆగేదాకా నడిపి ఖర్చు చేయండి. జనవరిలో తీసేటప్పుడు సెల్ఫ్ కొట్టే ముందు ట్యాంకు అడుగు నుంచి అర లీటరు సీసాలోకి పట్టి చూడండి.