చార్మినార్, గోల్కొండ చూసేసిన పిల్లలకి

పదేళ్ల పిల్లలకి చార్మినార్, గోల్కొండ అయిపోయాయి, ఒక్క రోజులో వింతగా ఉండేవి ఏం చూపించాలని అడిగారు కదా, నా మాట విని పొద్దున్నే బహదూర్‌పురాలో జూ దగ్గరున్న సుధా కార్ల మ్యూజియానికి వెళ్లిపోండి. బూటు, క్రికెట్ బ్యాట్, బర్గర్, లిప్‌స్టిక్, ఆఖరికి కమోడ్ ఆకారంలో కూడా కార్లుంటాయి, అవన్నీ బొమ్మలు కావు, ఇంజన్ ఉండి నడిచే బండ్లు! ఈ మ్యూజియం పెట్టిన సుధాకర్ గారు పాత సామాన్లతో సొంతంగా తయారు చేసినవి. ఆయన చేసిన మూడు చక్రాల సైకిల్‌కి 2005లో ప్రపంచంలోనే పెద్దదని గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది.

అక్కడి నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. మొత్తం తిప్పారంటే పిల్లలు నీరసపడిపోతారు, అందుకని గడియారం, జంట చెక్క విగ్రహం రెండే చూపించండి. సరిగ్గా పన్నెండు కొట్టే ముందు గడియారం ఎదురుగా కూర్చోండి, తలుపు తెరుచుకుని గడ్డం ఉన్న చిన్న మనిషి బయటికొచ్చి పన్నెండు సార్లు గంట కొట్టి మళ్లీ లోపలికెళ్లిపోతాడు. ఒకే దుంగలో చెక్కిన ఆ విగ్రహమైతే ముందు నుంచి ఫౌస్ట్ అనే జర్మన్ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో చూస్తే అదే నాటకంలోని అమ్మాయి, తల వంచుకున్న మార్గరెట్టా. ఏమీ చెప్పకుండా ముందు నిలబెట్టండి, అద్దంలో అమ్మాయిని వాళ్లే కనిపెట్టాలి.

ఓపికుంటే సాయంత్రం చిలుకూరు. హుండీ లేని గుడి, వీసా కోసం 11 ప్రదక్షిణలు, వచ్చాక 108 చేసేవాళ్లని చూడొచ్చు. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, సాలార్‌జంగ్‌కి సెలవు.