విదేశీ ఇంటర్న్‌షిప్ కోసం పంట లోను తీయొచ్చా?

ప్రశ్న: మాది నంద్యాల జిల్లా. సొంతం రెండెకరాలు, కౌలుకు నాలుగు, అంతా పప్పుశనగే. అమ్మాయి అగ్రికల్చర్ బీఎస్సీ ఆఖరి సంవత్సరంలో ఉంది. ప్రపంచంలో ఆకలి సమస్య మీద పని చేయాలని తన పట్టుదల. ఆరు నెలల విదేశీ ఇంటర్న్‌షిప్‌కు ఒక ఏజెన్సీ వాళ్లు 4.8 లక్షలు అడుగుతున్నారు, రిజిస్ట్రేషన్‌కని 10 వేలు కట్టేశాం. హైదరాబాద్ దగ్గర ఒక పరిశోధన సంస్థలో పప్పుధాన్యాల మీద ఆరు నెలల ప్రాజెక్టుకు కూడా రమ్మన్నారు కానీ జీతం ఉండదట. మా దగ్గర 2.5 లక్షల ఎఫ్‌డీ, ఎనిమిది తులాల బంగారం ఉన్నాయి. పంట లోను 1.6 లక్షలు ఈమధ్యే రెన్యువల్ అయింది. ఆ లోను డబ్బు, బంగారం మీద ఇంకొంత కలిపి అమ్మాయిని పంపమంటారా?

సమాధానం: వద్దండీ. అమ్మాయి కోరికకు నేను అడ్డం చెప్పడం లేదు, ఆ కోరికను గట్టిగా నిలబెట్టాలనే ఈ జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు పంట లోను సంగతి. 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, ఏడాదిలోపు కట్టేస్తే అందులో 3 శాతం రాయితీ వస్తుంది, అంటే మీ మీద పడేది 4 శాతమే. మీకు ఇంత చవకగా దొరికే అప్పు ఇంకోటి లేదు. ఆ డబ్బు పొలం దాటి బయటికి పోతే రబీలో విత్తనానికి, మందులకు మళ్లీ ఎక్కడికి పోతారు? నూటికి రెండు రూపాయల వడ్డీకే కదా, అంటే ఏడాదికి 24 శాతం. పైగా వచ్చే ఏడు రెన్యువల్ టైముకు 1.6 లక్షలు చేతిలో లేకపోతే గడువు దాటి రాయితీ పోతుంది, ఆ గడువు కోసం పది రోజులకు చేబదులు తెచ్చే టెన్షన్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నాలుగెకరాలు కౌలు కూడా ఉంది కాబట్టి ఒక్క పంట దెబ్బతింటే కౌలు డబ్బు కూడా మెడ మీద ఉంటుంది. పంట లోను పంటకే, ఇందులో ఇంకో మాట లేదు.

ఇక 4.8 లక్షలు ఎక్కడో ఒకచోట అప్పుగా దొరికిందనే అనుకుందాం. 11 శాతం వడ్డీకి మూడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 15,700 కట్టాలి, మొత్తం 5.65 లక్షలు దాటుతుంది. అగ్రికల్చర్ బీఎస్సీ చదివి విత్తన కంపెనీలోనో మందుల కంపెనీలోనో కొత్తగా చేరే పిల్లలకు చాలాచోట్ల 20, 25 వేల దగ్గరే మొదలవుతుంది. అంటే అమ్మాయి మొదటి ఉద్యోగం జీతంలో సగానికి పైగా ఆరు నెలల సర్టిఫికెట్టుకే పోతుంది. అలాంటప్పుడు తను ఇష్టమైన పని ఎంచుకోలేదు, అప్పు ఏ పని చేయమంటే అది చేస్తుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇంటర్న్‌షిప్ మంచిదా కాదా అని తేల్చడానికి నేను మొదట చూసేది ఎవరు ఎవరికి డబ్బిస్తున్నారనే. విదేశీ పొలాల్లో పద్ధతిగా పెట్టుకునే చాలా ఇంటర్న్‌షిప్‌లలో విద్యార్థికే స్టైపెండో కూలో ఇస్తారు. మీ దగ్గర లక్షలు తీసుకునే చోట పొలం ఎవరిది, రోజుకు ఎన్ని గంటలు, ఏ రకం వీసా, అక్కడ నేర్పే మనిషి ఎవరు, వీసా రాకపోతే డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఆరు నెలలూ పండ్లు కోసి డబ్బాల్లో సర్దే పనే అయితే, అది చిన్నతనమేమీ కాదు గానీ, దానికి కూలి ఇవ్వాలి తప్ప మన దగ్గర తీసుకోవడమేంటి?

మీ ఉత్తరం చదివినప్పటి నుంచి నా మనసులో ఉన్న విషయం ఇంకోటి. మీరు వేసేది పప్పుశనగ అన్నారు. మీ జిల్లాలోనూ ప్రకాశంలోనూ ఆ పంట అంతగా విస్తరించడానికి పెద్ద కారణం జేజీ 11 రకం, 1999లో విడుదలైంది. తక్కువ రోజుల్లో కోతకొస్తుంది, ఎండు తెగులును తట్టుకుంటుంది. దాన్ని జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ వాళ్లు కలిసి తయారు చేశారు. తర్వాత యంత్రంతో కోసేందుకు వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 వచ్చింది, అది మీ నంద్యాల పరిశోధన స్థానంలోదే. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ జింక్ ఎక్కువుండే డీఆర్ఆర్ ధాన్ 45 అనే వరి రకం ఇచ్చింది. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలో ఆకలితో ఉన్నవాళ్లు దాదాపు 67 కోట్ల మంది, అందులో ఎక్కువమంది ఆసియా, ఆఫ్రికాల్లోనే ఉన్నారు. వాళ్లలో చాలామంది పండించేవాటిలో, తినేవాటిలో మన జొన్న, సజ్జ, కంది, శనగ లాంటి పంటలూ ఉన్నాయి. అమ్మాయి వెతుకుతున్న పని బస్సెక్కితే చేరే దూరంలో జరుగుతోంది, అందుకే ఆ హైదరాబాద్ అవకాశాన్ని జీతం లేదని తక్కువ చేయకండి.

దాని ఖర్చు లెక్క చూద్దాం. హాస్టల్, తిండి, బస్సు కలిపి నెలకు 10, 11 వేలు అనుకుంటే ఆరు నెలలకు 65 వేల దాకా అవుతుంది. సంస్థకు ఏమైనా ఫీజు కట్టాలా, వసతి లోపలే ఇస్తారా అన్నది చేరకముందే మెయిల్‌లో అడగమనండి. ఈ డబ్బుకు ఎఫ్‌డీ మొత్తం రద్దు చేయక్కర్లేదు, ఎఫ్‌డీ మీదే లోను తీసుకోండి, మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువుంటుంది, అంతే. శనగలు అమ్మగానే తీర్చేయండి. బంగారం కదిలించొద్దు, అది పంట పోయిన ఏడాదికి.

బీఎస్సీ ఆఖరి ఏడాదిలో రావెప్ అని పల్లెలో ఉండి వ్యవసాయ పని నేర్చుకునే కార్యక్రమం ఉంటుంది కదా, అందులో ఊళ్లో ఉండే నెలలు కూడా పిల్లలు రికార్డు రాసి మార్కులు తెచ్చుకోవడంతో సరిపెడుతుంటారు, అలా పోనివ్వొద్దు. ఓ ఇరవై ఇళ్లలో పండించిన పప్పులో ఎంత అమ్మారు, ఎంత ఇంట్లో వండుకున్నారు, పురుగు పట్టి ఎంత పోయింది, ఈ లెక్క రాయమనండి. ఆఫ్రికాలో అలసందలకు పురుగు పట్టకుండా అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు మూడు పొరల సంచి తయారు చేశారు, అదీ నిల్వలో పోతున్న తిండి గింజల గురించి మొదలైన పనే. ఇలాంటి లెక్క చేతిలో ఉంటే ఏ శాస్త్రవేత్తయినా అమ్మాయి మెయిల్ పక్కన పెట్టడు.

ఆ తర్వాత పీజీ. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పరీక్షలో మంచి ర్యాంకు వచ్చి జేఆర్ఎఫ్ అనే పీజీ ఫెలోషిప్ దొరికితే నెలకు 12,640 చొప్పున రెండేళ్లకు 3 లక్షలు దాటుతుంది. దేశం మొత్తానికి కొన్ని వందల మందికే ఇస్తారు కాబట్టి ఈ ఏడాది పుస్తకాలకూ కోచింగ్‌కూ పెట్టే 30, 40 వేలు నాకు దండగ అనిపించదు. విదేశం అంతగా లాగుతుంటే పీజీకి వెళ్లనివ్వండి, యూరప్ వాళ్ల ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు లేకపోగా నెలకు 1,400 యూరోలు ఇస్తారు. జర్మనీ వాళ్ల డాడ్ (DAAD) స్కాలర్‌షిప్‌లలో అభివృద్ధి పనులకు సంబంధించిన కోర్సులకు రెండేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు. వీటికి మీ ఆస్తులు ఎవరూ అడగరు, అమ్మాయి చేసిన పని అడుగుతారు.

కట్టిన 10 వేల సంగతి. ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో వెనక్కి అడగండి, రసీదు, యూపీఐ స్క్రీన్‌షాట్ దాచుకోండి, రెండు వారాల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. సీటు పోతుంది, రేపే కట్టాలని వాళ్లు తొందరపెడతారు, కట్టకండి. ఆ పది వేలు రాకపోయినా సరే, దాని కోసమని మిగతా 4.7 లక్షలు వాళ్ల చేతిలో పెట్టొద్దు.