గంజాయి మీద పీహెచ్‌డీ చేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ చేసి, గుంటూరులో ఎగుమతి మిర్చికి పరీక్షలు చేసే ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేస్తోంది. ఇప్పుడు కెనడాలో పీహెచ్‌డీకి అప్లై చేస్తానంటోంది. విషయం గంజాయిలోని రసాయనాలు, అందులో మిగిలిపోయే పురుగుమందులట. ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో పట్టుబడే ఆ గంజాయేనా అని వాళ్ల నాన్న మండిపడుతున్నారు. రేపు ఉద్యోగానికి, వీసాకు, పెళ్లి సంబంధాలకు అడ్డు కాదా?
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అవునమ్మా, అదే మొక్క. ఆ మాట దాచి చెబితే మీవారికి అనుమానం పెరుగుతుందే తప్ప తగ్గదు. కాకపోతే మన్యంలో దొంగచాటుగా పండించేవాళ్లను జైల్లో వేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టమే, వైద్యానికీ శాస్త్ర పరిశోధనకూ అనుమతితో వాడుకునే వీలు ఉంచింది. జమ్మూలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఎస్‌ఐఆర్-ఐఐఐఎం లైసెన్సు తీసుకుని గంజాయి మొక్కలు పెంచి మరీ పరిశోధిస్తోంది. ఈ రంగానికి ఆద్యుడనదగ్గ ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రఫాయెల్ మెషూలమ్ తొలి శాంపిల్‌గా ఐదు కిలోల హషీష్‌ను (గంజాయి జిగురు ముద్దను) పోలీసుల దగ్గరే తీసుకుని బస్సులో ల్యాబ్‌కు తెచ్చుకున్నారు! మత్తునిచ్చే టీహెచ్‌సీ నిర్మాణాన్ని ఆయన బృందం 1964లో తేల్చింది. మత్తు ఇవ్వని సీబీడీతో తయారైన ఎపిడియోలెక్స్‌ను పిల్లల్లో వచ్చే రెండు రకాల మొండి మూర్ఛలకు మందుగా అమెరికా 2018లో ఆమోదించింది.

ఇక అమ్మాయి ఎంచుకున్న రెండో సగం, పురుగుమందుల అవశేషాలు. నన్నడిగితే అసలు సరుకు ఇక్కడే ఉంది. మైక్లోబ్యుటానిల్ అనే మందు మీవారికి తెలిసే ఉంటుంది, మిరపలో బూడిద తెగులుకు కొడతారు. పంట మీద కొద్దిగా మిగిలినా ఎంతవరకు ఫర్వాలేదన్న లెక్కలు ఉన్నాయి. అవన్నీ తినే తిండికి వేసినవి. అదే మందు గంజాయి పూత మీద ఉండి, దాన్ని కాల్చి పీలిస్తే? వేడికి విడిపోయి హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు వస్తుంది. కెనడాలో 2016 చివర్లో, 2017లో లైసెన్సున్న కంపెనీల వైద్య గంజాయిలోనే ఈ మందు బయటపడి సరుకు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తాగింది రోగులు మరి. 2013లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, ఫిల్టరు లేని గాజు గొట్టంతో కాల్చినప్పుడు కొన్ని మందులు దాదాపు 70 శాతం దాకా పొగలోకి వచ్చాయి. 2019 జనవరి నుంచి కెనడా 96 పురుగుమందులకు పరీక్ష తప్పనిసరి చేసింది. అమెరికాలో మాత్రం ఒక్కో రాష్ట్రానిది ఒక్కో జాబితా.

మీ అమ్మాయి ఇప్పుడు చేసే పనే అక్కడా చేస్తుంది. ఎండు మిర్చి పొడి ట్యూబులో వేసి, నీళ్లు పోసి నాననిచ్చి, అసిటోనైట్రైల్ కలిపి, మెగ్నీషియం సల్ఫేట్ వేసి ఊపగానే ట్యూబు చేతిలో వేడెక్కుతుంది. ఆమెకు ఇది రోజువారీ పని. దీన్నే క్వెచర్స్ పద్ధతి అంటారు. మిర్చిలో ఎర్ర రంగు, నూనె సతాయిస్తాయి. గంజాయిలో పత్రహరితం, జిగురు సతాయిస్తాయి. ఆకుపచ్చ రంగు వదిలించడానికి కార్బన్ పొడి ఎక్కువ వేస్తే, థయాబెండజోల్ లాంటి మందుల్ని కూడా అది పట్టేసుకుని, ఉన్న మందులో పరీక్షకు చిక్కే వాటా (రికవరీ) పడిపోతుంది. పైగా పూతలో టీహెచ్‌సీ 20 శాతం ఉందనుకోండి, అంటే కిలోకు 200 గ్రాములు. పట్టుకోవాల్సిన మందు కిలోకు 0.1 మిల్లీగ్రాము. దానికి 20 లక్షల రెట్లున్న పదార్థం చాటు నుంచి దాన్ని బయటికి లాగాలి. ఇది సాధించిన మనిషికి మిర్చి, ద్రాక్ష, టీ, మందుబిళ్లలు ఏవిచ్చినా భయం ఉండదు. గుంటూరు స్పైసెస్ బోర్డు ల్యాబ్, పుణె ద్రాక్ష పరిశోధన కేంద్రం, హైదరాబాద్ ఫార్మా కంపెనీలు అడిగేది అతి సూక్ష్మ మోతాదుల్ని కొలిచే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ యంత్రం మీద చెయ్యి తిరిగిందా అనే.

కాబట్టి వద్దని అనను. కానీ వీసా విషయంలో మీ భయం ఉత్తదేం కాదు. కెనడాలో 2018 అక్టోబరు నుంచి గంజాయి చట్టబద్ధం. పక్కనున్న అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుమతించినా, ఫెడరల్ చట్టం కింద అది నియంత్రిత పదార్థమే. గంజాయి వ్యాపారంలో ఉద్యోగం చేసినా పౌరసత్వ దరఖాస్తులో 'మంచి నడవడి' లేదని తేల్చే అవకాశముందని 2019లో అక్కడి వలస శాఖ స్పష్టం చేసింది. రాష్ట్రంలో లీగలే కదా అంటే కుదరదు. కెనడా చదువయ్యాక అమెరికా వెళ్లే ఆలోచన ఉంటే, అక్కడి గంజాయి కంపెనీలో గానీ, వాటికి పరీక్షలు చేసే ప్రైవేటు ల్యాబ్‌లో గానీ ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా చేరకూడదు. ఫెడరల్ అనుమతి ఉన్న యూనివర్సిటీ పరిశోధన సంగతి వేరు. ఇంకొకటి, ఎంత లీగల్ అయినా ఒక్క గ్రాము కూడా దేశం సరిహద్దు దాటించకూడదు. ఇంటికొచ్చేటప్పుడు బ్యాగులో సీబీడీ నూనె సీసా కూడా ఉండకూడదు.

అప్లై చేసే ముందు ప్రొఫెసర్‌కు ఆమె మెయిల్ రాసి కొన్ని విషయాలు తేల్చుకోవాలి. ల్యాబ్‌కు హెల్త్ కెనడా (అక్కడి ఆరోగ్య శాఖ) లైసెన్సు ఎవరి పేరున ఉంది? డబ్బు యూనివర్సిటీ ఇస్తుందా, గంజాయి కంపెనీ ఇస్తుందా? కంపెనీ అయితే నచ్చని ఫలితాన్ని అచ్చు వేసుకోనిస్తుందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు నానుస్తూ ఉంటే ఆ సీటు వదులుకోమనే నా సలహా. థీసిస్‌లో గంజాయితో పాటు ఇంకో పంటను కూడా పెట్టుకోవచ్చేమో అడగమనండి, మిర్చి అయితే మరీ మంచిది.

పెళ్లి సంబంధాలంటారా, అమ్మాయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే 'పురుగుమందుల అవశేషాల మీద పరిశోధన' అనండి. అబద్ధమేమీ కాదు కదా. సంబంధం కుదిరేదాకా వస్తే మాత్రం మొత్తం చెప్పేయండి.

కెనడా కబురు వచ్చేలోపు ఖాళీగా ఉండకుండా సీఎస్‌ఐఆర్ నెట్ కెమికల్ సైన్సెస్ రాయమనండి. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 ఫెలోషిప్‌తో జమ్మూ సంస్థలోనే పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. మీవారు దానికైతే ఒప్పుకుంటారేమో కనుక్కోండి.