చెరువు కాగితాలు ఎగ్మోరులోనా, ఢిల్లీలోనా?

ప్రశ్న: ఉండేది పెరంబూరు, సొంతూరు ఒంగోలు తాలూకా. 1895 ప్రాంతంలో మా ఊరి చెరువుకు గండి పడితే రైతులు కలెక్టరుకు అర్జీ పెట్టుకున్నారని పెద్దలు చెప్పేవారు. ఊరి చరిత్ర రాస్తున్నాను. ఆ కాగితాల కోసం ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలా? ఏమని అడగాలి?

జవాబు: ఢిల్లీ అక్కర్లేదు, ముందు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లండి. ఢిల్లీలో ఉండేవి ప్రధానంగా భారత ప్రభుత్వ రికార్డులు. మద్రాసు ప్రభుత్వం తానే తేల్చే చెరువు మరమ్మతు మామూలుగా అంతదూరం పోదు.

రికార్డు ఆఫీసులో కాగితాలను వాటిని నడిపిన ఆఫీసును బట్టి సర్దుతారు. అందుకే 'చెరువు ఫైలు ఇవ్వండి' అంటే దొరకదు. ఎవరు, ఎవరికి, ఏ ఏడాది రాశారో పట్టుకోవాలి. రైతుల అర్జీ కలెక్టరు నుంచి రెవెన్యూ బోర్డుకు, అక్కణ్నుంచి ప్రభుత్వానికి వెళ్లి ఉండాలి. ప్రభుత్వంలో రెవెన్యూ, పబ్లిక్ వర్క్స్ శాఖలు రెండూ వెతకండి.

చాలామంది పొరబడేది జిల్లా దగ్గరే. ఒంగోలు తాలూకాను కలుపుకుని గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. అంతకుముందు ఒంగోలు నెల్లూరు జిల్లాలోది, కాబట్టి నెల్లూరు కిందే చూడాలి. ఊరి పేరు ఇంగ్లిషులో నాలుగైదు రకాలుగా రాసి ఉంచుకోండి, దొరలు ఎలా విన్నారో అలా రాశారు. ఇంట్లో పాత శిస్తు రసీదు ఉంటే దాని మీది ఫసలీకి, అంటే శిస్తు లెక్కల ఏడాదికి, 590 కలపండి, ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1305 అంటే 1895 జూలై నుంచి 1896 జూన్ దాకా.

గుర్తింపు కార్డు, మీ విషయమూ కాలమూ రాసిన దరఖాస్తు పట్టుకెళ్లండి. విద్యార్థులైతే విశ్వవిద్యాలయం ఉత్తరం కూడా. శాఖవారీ వార్షిక సూచికలో జీవో నంబరు దొరికాక శాఖ, తేదీ, నంబరు మూడూ చీటీ మీద రాయాలి. నంబర్లు ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి గనుక ఒట్టి నంబరు ఇస్తే వేరే కట్ట వస్తుంది.

కట్ట చేతికొచ్చాక ఉత్తర్వు ఒక్కటే చదివి వదిలేయకండి. దాని పైభాగంలో, అప్పటిదాకా చదివిన ఉత్తరాల నంబర్లూ తేదీలూ వరసగా ఉంటాయి. అసలు నిధి అక్కడుంది! వాటిని పట్టుకుని వెనక్కి నడిస్తే అర్జీ దాకా చేరొచ్చు. జీవో లేకపోతే వ్యవహారం బోర్డులోనే ముగిసిందేమో, బోర్డు ప్రొసీడింగ్స్ (బోర్డు నిర్ణయాల రికార్డు) చూడండి. అక్కడా లేకుంటే నెల్లూరు జిల్లా రికార్డులు.

కాగితం పెళుసెక్కితే కట్ట ఇవ్వరు. మైక్రోఫిల్మో స్కానో ఉందా అని అడగండి. లోపల పెన్సిలే వాడాలి.

ఎప్పుడైనా ఢిల్లీ రికార్డు కావాల్సివస్తే ముందు ఇంట్లోంచే 'అభిలేఖ్ పటల్' పోర్టల్లో వెతకండి. అక్కడ శాఖ, బ్రాంచి, నెల, సంవత్సరం, ప్రొసీడింగ్ నంబరుతో పాటు అది 'ఎ' వరసలోదా (ముఖ్యమైనవి), 'బి' వరసలోదా (మామూలువి) అన్నది కూడా రాసుకోవాలి. ఒకే నెలలో రెండు వరసల్లోనూ అదే నంబరు ఉండొచ్చు.