డ్రిప్ మెషీన్ కాఫీ నీళ్ళలా వస్తోంది, పొడి పెంచాలా గ్రైండ్ మార్చాలా?

మీరు డాలస్ నుంచి రాసిందాన్ని బట్టి నాకర్థమైంది ఇదీ: 12 కప్పుల డ్రిప్ మెషీన్ కొన్నారు, 4 గీత దాకా నీళ్ళు, నాలుగు స్పూన్ల పొడి, కాఫీ నీళ్ళలా వచ్చింది. అందుకని డార్క్ రోస్ట్‌కి, అంటే బాగా నల్లగా వేయించిన గింజకి మారి పొడి ఇంకా మెత్తగా పట్టారు, ఇప్పుడు చేదు తగులుతోంది గానీ పాలు పొయ్యగానే మళ్ళీ ఏమీ లేదు. మెషీన్ వాపస్ ఇచ్చెయ్యాలా అని అడిగారు. అక్కర్లేదండి. నేను అమెరికా వచ్చిన దగ్గర్నుంచీ ఇలాంటి మామూలు మెషీన్‌తోనే నెట్టుకొస్తున్నా, పైగా మా ఇంట్లో ఒకరికి బ్లాక్, ఒకరికి పాల కాఫీ, మా మామగారు వస్తే ఆయనకి గ్లాసులో నురగ కూడా ఉండాలి, కాబట్టి దీంతో కుస్తీ బాగానే పట్టాను.

ముందు ఆ గీతల సంగతి చూడండి. జగ్గు మీద కప్పు అంటే మనం తాగే మగ్గు కాదు, చాలా మెషీన్లలో అది 5 ఔన్సులే, అంటే 150 మిల్లీలీటర్లకి పిసరు తక్కువ. మీ 4 గీతకి దాదాపు 590 మిల్లీ నీళ్ళు పట్టాయి. టేబుల్ స్పూన్ తలకొట్టి కొలిస్తే పొడి 5, 6 గ్రాములు వస్తుంది, అంటే మీరు వేసింది మహా అయితే 24 గ్రాములు. మామూలుగా బ్లాక్ కాఫీకి లీటరు నీళ్ళకి 55 నుంచి 60 గ్రాముల పొడి లెక్క, అంటే మీ నీళ్ళకి 33 నుంచి 35 గ్రాములు పడాలి. దాదాపు మూడో వంతు పొడి తక్కువేసి రోస్ట్ మార్చినా బ్రాండ్ మార్చినా ఏం లాభం చెప్పండి. వంటింట్లో చిన్న వెయింగ్ స్కేల్ ఉంటే స్పూన్ల గోల వదిలేసి దాని మీదే తూచండి, ఎందుకంటే డార్క్ రోస్ట్ గింజ తేలిగ్గా ఉంటుంది, అదే స్పూన్‌లో బరువు ఇంకా తక్కువ పడుతుంది. మీరు స్ట్రాంగ్ అని కొన్నదే మిమ్మల్ని ఇంకాస్త పలచన చేసింది అన్నమాట.

అసలు తిరకాసు ఎక్కడుందంటే, మనం చేదునీ చిక్కదనాన్నీ ఒకటే అనుకుంటాం. రెండూ వేరు. కప్పులో ఎంత కాఫీ కరిగి ఉంది అనేది చిక్కదనం, పొడిలోంచి ఎంత శాతం దిగింది అనేది ఇంకో లెక్క. 1950ల్లో ఇక్కడి ఎమ్ఐటీ యూనివర్సిటీలో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే ప్రొఫెసర్ దీనికి ఒక చార్ట్ వేశారు, ఇప్పటికీ కాఫీ వాళ్ళు దాన్నే పట్టుకుని తిరుగుతుంటారు. అందులో పొడిలోంచి 18 నుంచి 22 శాతం దిగితే రుచి బావుంటుందని, కప్పులో 1.15 నుంచి 1.35 శాతం కరిగి ఉంటే సరిపోతుందని ఉంటుంది. తక్కువ దిగితే పులుపు, ఉప్పదనం లాంటి పచ్చి రుచి వస్తుంది, ఎక్కువ దిగితే చేదు, గొంతులో పట్టేసే వగరు. ఇప్పుడు మీ కేసు చూడండి, పొడి తక్కువ, దాన్ని మెత్తగా పట్టారు, దాని మీద అన్ని నీళ్ళు పోయాయి, పాపం ఆ కాస్త పొడిలోంచి రావాల్సిందీ రాకూడనిదీ అంతా దిగిపోయింది, కానీ నీళ్ళు ఎక్కువ కాబట్టి కప్పులో మాత్రం పలచనే. పలచన ప్లస్ చేదు ఒకేసారి వస్తే దాదాపు ఎప్పుడూ కారణం ఇదే, దీనికి మందేమిటంటే పొడి పెంచడం, గ్రైండ్ కొంచెం బరక చెయ్యడం. చిక్కగానే ఉంది కానీ పుల్లగా ఉంది అంటే అప్పుడు పొడి ముట్టుకోకుండా గ్రైండ్ ఒక గీత మెత్తగా జరపండి. రెండూ ఒకేరోజు మార్చొద్దు, ఏది పనిచేసిందో తెలియదు.

ఇంకోటి, కాఫీ అయిపోయాక మూత తీసి తడి పొడి వంక చూడండి, ఎవరూ చూడరు గానీ సగం జాతకం అక్కడే ఉంటుంది. చవక మెషీన్లలో నీళ్ళు ఒకటే చోట పడతాయి, మధ్యలో గుంట పడి చుట్టూ పక్కల పొడి సగం తడిగా ఉండిపోతుంది. మధ్యది చేదు, పక్కది పచ్చి, కలిపి మీ కప్పు. నేనేం చేస్తానంటే నీళ్ళు పడటం మొదలై పొడంతా ఉబ్బుతుంటే మూత తీసి, ఆవిరి చెయ్యికి తగలకుండా చూసుకుని, పొడుగు స్పూన్‌తో మెల్లిగా ఒకసారి కలుపుతా, ఫిల్టర్ కాగితం చిరక్కుండా. దీనికి పైసా ఖర్చు లేదు, తేడా మాత్రం మొదటి రోజే తెలుస్తుంది.

తక్కువ కాఫీ పెట్టుకున్నప్పుడు పెద్ద మెషీన్ ఇంకా ఇబ్బంది. పొడి పొర పల్చగా ఉండి నీళ్ళు గబగబా కిందకి జారిపోతాయి, పైగా పూర్తిగా వేడెక్కేలోపే పని అయిపోతుంది, నీళ్ళు పొడికి తగిలేటప్పుడు 92 నుంచి 96 డిగ్రీలు ఉండాలంటారు మరి. అందుకే కొన్నింటికి 1-4 కప్స్ అనే బటన్ ఉంటుంది, నీళ్ళు ఆపి ఆపి వదులుతుంది. మీ దానికి ఉంటే వాడండి. స్ట్రాంగ్ బటన్ కూడా సాధారణంగా అలాంటిదే, పొడి తక్కువేసి అది నొక్కితే చేదు పెరుగుతుంది తప్ప పెద్దగా ఒరిగేదేం లేదు.

ఇక పాలు. మన ఇబ్బందంతా ఇక్కడే. ఆ చార్టులు అవీ బ్లాక్ కాఫీకి, దాంట్లో సగం పాలు పోస్తే సగం పలచనవక ఏమవుతుంది. నేను పాల కాఫీ కోసం 600 మిల్లీ నీళ్ళకి 60 నుంచి 65 గ్రాములు వేస్తా, అంటే దాదాపు రెట్టింపు. పొడి తనకి రెండింతల బరువు నీళ్ళు పీల్చుకుని తనే ఉంచేసుకుంటుంది కాబట్టి జగ్గులోకి 470, 480 మిల్లీ దాకా దిగుతుంది, దాంట్లో అంతే పాలు పోసుకోవచ్చు. పొడి వేసే బాస్కెట్ మూడొంతులు మించి నింపొద్దు, పొంగి పొడి జగ్గులోకి వస్తుంది. పాలు హోల్ మిల్క్, స్టవ్ మీద పొంగు వచ్చేదాకా కాచినవి, ఫ్రిజ్‌లోంచి తీసి చల్లవి పోస్తే ఎంత చిక్కటి కాఫీ అయినా తేలిపోతుంది. ఇంత చేసినా ఇత్తడి ఫిల్టర్ డికాక్షన్ మాత్రం రాదండి, అది పొడికి నాలుగైదు రెట్లే నీళ్ళు పోసి దింపేది, ఈ మెషీన్ ఆ పని కోసం పుట్టలేదు. అదే కావాలంటే స్టీల్ ఫిల్టర్ కొనుక్కోండి, వాదనే లేదు.

ఇండియా నుంచి తెచ్చుకున్న ఫిల్టర్ కాఫీ పొడి మాత్రం ఇందులో వెయ్యొద్దు. అది మెత్తగా ఉంటుంది, చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) కలిసింది అయితే ఇంకా జిగురు, మన దగ్గర చట్టప్రకారం 49 శాతం దాకా చికోరీ కలపొచ్చు, కాగితం మూసుకుపోయి నీళ్ళు పైనే నిలబడతాయి. ఆ రుచే కావాలంటే న్యూ ఆర్లీన్స్ వాళ్ళ కెఫే డు మోండ్ డబ్బా చూడండి, చికోరీ కలిపిందే, పొడి కాస్త బరక. ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళల్లో చాలాచోట్ల కనిపిస్తుంది.

మా మామగారి సంగతి చెప్పాలి. ఆయన కాఫీ దిగుతుండగానే జగ్గు లాగి తన గ్లాసు నింపేసుకుంటారు, బ్రహ్మాండం అంటారు. నిజమే, మొదట దిగేదే చిక్కటిది, తర్వాత వచ్చేదంతా కడుగునీళ్ళు, అవి మాకు. మీ ఇంట్లో ఎవరైనా అలా చేస్తున్నారేమో చూడండి, మీ కప్పు పలచనకి అది కూడా కారణం కావచ్చు. పూర్తిగా దిగాక జగ్గు ఒకసారి తిప్పి పొయ్యండి, అడుగున చిక్కగా పైన పలచగా ఉంటుంది లేకపోతే.

దిగాక హాట్ ప్లేట్ మీద వదిలెయ్యకండి, అరగంటలో మాడు వాసన వస్తుంది, ఫ్లాస్కులో పోసెయ్యడమే. మీ డాలస్ నీళ్ళకి కెటిల్ అడుగున తెల్ల పొర కడుతుంటే మెషీన్ లోపలా అదే కడుతోందని లెక్క, అప్పుడప్పుడు సగం వెనిగర్ సగం నీళ్ళు పోసి ఒకసారి తిప్పి, తర్వాత వాసన పోయేదాకా ఉత్త నీళ్ళతో రెండు మూడుసార్లు తిప్పండి. మీ బాస్కెట్ అడుగు చదునా, కోన్ ఆకారమా అనేది రాయలేదు, రాస్తే గ్రైండ్ ఎంత పెట్టాలో ఇంకొంచెం కచ్చితంగా చెప్తాను.