గుర్రం వేగం పెంచగానే బిగుసుకుపోతున్నాను

ప్రశ్న: ఆరు నెలలుగా స్వారీ నేర్చుకుంటున్నాను. నడకలో బాగానే ఉంటుంది. ట్రాట్ (నడక కన్నా వేగంగా, కుదుపుగా సాగే చిన్న పరుగు) మొదలుకాగానే ఒళ్లు బిగుసుకుపోయి పగ్గాలు లాగేస్తున్నాను. గుర్రం ఇంకా వేగం అందుకుంటోంది. ఏం చేయాలి?

జవాబు: భయపడితే మోకాళ్లు జీనును నొక్కేస్తాయి, మడమలు పైకి లేస్తాయి, ఒళ్లు ముందుకు వాలుతుంది. కాళ్ల ఒత్తిడి ‘పద’ అంటుంది, పగ్గం ‘ఆగు’ అంటుంది. పాపం, గుర్రం దేన్ని వినాలి? తల ఎగరేసి పరుగు తీస్తుంది.

ముందు ఊపిరి సంగతి చూడండి. నడకలో మూడడుగులకు పీల్చి, నాలుగడుగులకు వదలండి. వదిలేటప్పుడు నడుము మెత్తబడి, పిరుదులు జీనులోకి దిగడం తెలుస్తుంది. ట్రాట్ పది అడుగులే చేసి, భయం ముదరకముందే నడకకు రండి. ఆ పదీ తేలికయ్యాకే ఇరవై.

గుర్రం మెడకు వదులుగా ఒక పట్టీ కట్టించుకోండి. భయమేసినప్పుడు రెండు వేళ్లు దానికి తగిలిస్తే పగ్గాలతో గుర్రం నోరు లాగకుండా నిలదొక్కుకోవచ్చు. ఇది మొదట్లో నేర్చుకునేవాళ్లకే అనుకోవద్దు, అనుభవజ్ఞులూ వాడతారు.

శిక్షకుడు పొడవాటి తాడుతో గుండ్రంగా తిప్పుతుంటే, పగ్గాల బాధ్యత లేకుండా కూర్చోవడం ఒక్కటే సాధన చేయవచ్చు. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే గుర్రం హఠాత్తుగా మొండికేస్తే మాత్రం తప్పు మీదనుకోకండి. జీను ఒరుసుకుంటోందేమో, వీపు నొప్పేమో చూపించండి.