నేలవేము సారం తీయడానికి ఎంత గాఢత గల ఆల్కహాల్ వాడాలి?

ఎండబెట్టిన నేలవేము ఆకును కషాయం కాచుకోవడం మేలా, ఆల్కహాల్‌లో నానబెట్టడం మేలా, నానబెడితే ఎంత గాఢత ఉండాలి అని అడిగారు. ఫార్మసీ కళాశాలలోని ఔషధ మొక్కల ప్రయోగశాలలో ఈ పని చేసిన అనుభవంతో చెబుతున్నాను. ఆల్కహాల్‌లో గుణం బాగా దిగుతుంది గాని, గాఢత పెరిగేకొద్దీ మంచిదన్న అభిప్రాయం సరికాదు.

నేలవేము చేదుకు ముఖ్య కారణమైన ఆండ్రోగ్రాఫోలైడ్ నీటిలో చాలా తక్కువగా, ఇథనాల్‌లో, అంటే మద్యంలో ఉండే ఆల్కహాల్‌లో, చక్కగా కరుగుతుంది. కషాయం నోట్లో పెట్టుకోలేనంత చేదుగా ఉంటుంది కాబట్టి సారమంతా దిగిపోయిందని అనిపిస్తుంది. వడగట్టిన పిప్పిని నమిలి చూస్తే అందులో ఎంత మిగిలిపోయిందో తెలుస్తుంది. అలాగని 95 శాతం ఆల్కహాల్ పోస్తే ఆకులోని పత్రహరితం, మైనం కూడా వెంట వచ్చి సారం నలుపు తిరిగిన ఆకుపచ్చగా తయారవుతుంది. దానికి నీరు తగలగానే మసకబారి, అడుగున జిగట మడ్డి పేరుకుంటుంది. ఆ సీసాలు కడగడమే మాకు పెద్ద పనిగా ఉండేది. 70 శాతం దగ్గర ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే అందులోని నీరు ఎండిన కణాలను ఉబ్బించి ద్రావకం లోపలికి వెళ్లేందుకు దారి ఇస్తే, ఆల్కహాల్ చేదు పదార్థాన్ని కరిగించి బయటికి తెస్తుంది.

95 శాతం ఆల్కహాల్ 100 మి.లీ. తీసుకొని, మొత్తం సుమారు 136 మి.లీ. అయ్యేవరకు నీరు కలిపితే 70 శాతం వస్తుంది. 36 మి.లీ. నీరు కొలిచి పోస్తే చాలదు. రెండూ కలిసినప్పుడు ఘనపరిమాణం కొంత తగ్గుతుంది. 100 గ్రాముల ఆకుకు 500 మి.లీ. ద్రావకం పోసి, మూత బిగించి, అప్పుడప్పుడు కుదుపుతూ 7 రోజులు ఉంచి, బట్టలో వేసి పిప్పిని గట్టిగా పిండాలి. ఆకును బరకగా దంచితే చాలు, మెత్తని పొడి బట్ట రంధ్రాలను మూసేస్తుంది.

ఏ ఆల్కహాల్ అన్నదే అన్నిటికన్నా ముఖ్యం. సర్జికల్ స్పిరిట్, తాగడానికి వీల్లేకుండా ఇతర పదార్థాలు కలిపిన డీనేచర్డ్ స్పిరిట్, ప్రయోగశాల మిథనాల్ లోపలికి తీసుకునే మందుకు ఎంతమాత్రం పనికిరావు. మిథనాల్ శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి చూపును, ప్రాణాన్ని తీస్తుంది. రెక్టిఫైడ్ స్పిరిట్‌కు, అంటే బట్టీపట్టి శుద్ధి చేసిన సుమారు 95 శాతం ఇథనాల్‌కు, ఎక్సైజ్ అనుమతి కావాలి కాబట్టి ఇంట్లో చేసేవారికి మిగిలేది 42.8 శాతం వోడ్కా. సారం కొంత పలచగా వస్తుంది గాని చెడిపోదు.

తిప్పతీగకు మాత్రం ఈ లెక్క వర్తించదు. దానిలోని పాలీశాకరైడ్లు (చక్కెర అణువులు గొలుసుగా కలిసిన పిండిలాంటి పదార్థాలు) గాఢమైన ఆల్కహాల్‌లో కరగకుండా విడిపోతాయి, అవి కావాలంటే నీటి కషాయమే కాచాలి. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవారు నేలవేము సారాన్ని వైద్యుణ్ణి అడగకుండా తీసుకోకూడదు.